చెరగని కనుబొమలు

ముఖమున కన్నులకు దక్కిన కీర్తి కనుబొమలకు దక్కలేదు. కవులు కన్నులను కలువలతోడను, చేపలతోడను, లేళ్ళ చూపులతోడను పోల్చి పోల్చి అలసిన తరువాత, కనుబొమలను మన్మథుని వింటితో పోల్చి ఊరకుండిరి. అయినను ఆ రెండు వెండ్రుకల గీతలు చేయు పని సామాన్యమైనది కాదు. నుదుటి చెమట కంటిలోనికి జారకుండ ప్రక్కలకు మళ్ళించునవి అవియే. కోపము వచ్చినదని నోరు చెప్పకమునుపే ముడివడి చెప్పునవియు అవియే. తరగతిలో అల్లరి పెరిగినప్పుడు పంతులుగారు బెత్తము తాకనక్కర లేదు. ఒక కనుబొమ కొంచెము పైకెత్తిన చాలును, వెనుక బల్లవరకు నిశ్శబ్దము ప్రాకును.

భరతుని నాట్యశాస్త్రము కనుబొమల కదలికలను ఏడుగా లెక్కించినది: ఉత్క్షేపము, పాతనము, భ్రుకుటి, చతురము, కుంచితము, రేచితము, సహజము. పెద్ద నటులు ఈ ఏడింటిని ఏండ్లకొలది సాధన చేయుదురు. తల్లి యొడిలోని బిడ్డ ఏ గురువు నేర్పకయే చేయును. ఆధునిక శాస్త్రమును ఈ మాటకు సాక్ష్యమిచ్చినది. 2003లో అమెరికాలోని మాసచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు ప్రసిద్ధుల ఛాయాచిత్రములను తీసికొని, కొన్నింట కన్నులను, కొన్నింట కనుబొమలను తుడిచివేసి చూపరుల ముందుంచిరి. కన్నులు లేని ముఖములకంటె కనుబొమలు లేని ముఖములను గుర్తించుటయే వారికి కష్టమయ్యెను. మనిషిని మనిషిగా ఆనవాలు పట్టించుటలో కనుబొమ పాలు అంతటిది.

అట్టి కనుబొమను నేడు సూదితో చర్మములో రంగు నింపి తీర్చిదిద్దు వ్యాపారము నగరములనుండి చిన్న పట్టణములకు వ్యాపించినది. అలంకారశాలల బల్లలపై "శాశ్వత కనుబొమలు" అను మాట కనిపించుచున్నది. ఉదయమున అద్దము ముందు పెన్సిలు పట్టనక్కర లేదనియు, చెమట పట్టినను వాన తడిసినను చెరగదనియు, నిద్ర లేచినది మొదలు ముఖము తీరుగా ఉండుననియు అది ఆశ చూపును. పెండ్లి కుదిరిన పిల్ల, కళాశాలలో అడుగిడబోవు విద్యార్థిని, ఏడు గంటల బస్సు అందుకొనవలసిన ఉపాధ్యాయిని దీనికి ఆకర్షితులగుటలో వింత లేదు. అందమును కోరుట తప్పు కాదు. అయితే సూది దిగుటకు ముందు తెలియవలసిన సంగతులు కొన్ని కలవు. వానిలో ఒకటియు ఆ బల్లపై వ్రాసి ఉండదు.

మొదట తెలియవలసినది దీని కులగోత్రములు. పేరు ఎంత క్రొత్తదైనను ఇది పచ్చబొట్టే. మానవుడు చర్మముపై చెరగని గుర్తులు పెట్టుకొనుట చరిత్రకు అందని కాలమునుండి ఉన్నది. 1991లో ఆల్ప్స్ పర్వతముల మంచులో దొరికిన, సుమారు 5,300 ఏండ్లనాటి మనిషి శరీరముపై 61 పచ్చబొట్టు గీతలను శాస్త్రజ్ఞులు లెక్కించిరి. తెలుగుపల్లెలలో ఎరుకల స్త్రీలు సోది చెప్పుచు పచ్చబొట్లు పొడిచెడివారు. ముంజేతిపై పెనిమిటి పేరు, గడ్డముపై చుక్క, మోచేతి క్రింద తులసికోట లేక తేలు బొమ్మ ముసలమ్మల చర్మముపై నేటికిని కనిపించును. చనిపోయిన తరువాత సొమ్ములన్నియు ఇచ్చటనే మిగిలిపోవుననియు, వెంట వచ్చునది పచ్చబొట్టు ఒక్కటియే యనియు వారు చెప్పుకొనెడివారు.

ఆ పేరులోనే ఒక శాస్త్రపాఠము దాగియున్నది. పొడుచునది నల్లని మసి. దానిని పిలుచునది పచ్చబొట్టని. నలుపు పచ్చయెట్లయ్యెను? చర్మములోనికి ప్రవేశించిన వెలుతురులో ఎరుపు కిరణములు లోతుగా పోయి మసిలో ఇంకిపోవును. నీలపు కిరణములు మాత్రము దారిలోనే చెదరి వెనుకకు వచ్చును. ఆకాశము నీలముగా కనిపించుటకు, మసి చర్మము క్రింద నీలిపచ్చగా తోచుటకు మూలమైన ధర్మము ఇంచుమించు ఒక్కటే. గుర్తు ఎంత లోతునకు దిగిన అంత నీలిమ. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు కనుబొమల కథలో ఇది మరల వచ్చును.

పల్లె సూదినుండి నగరపు యంత్రమునకు దారి పొడవైనది కాదు. 1891లో న్యూయార్కు నివాసి శామ్యూల్ ఓ'రైలీ విద్యుత్తుతో నడచు పచ్చబొట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. ఎడిసను కనిపెట్టిన విద్యుత్ కలమే దానికి మాతృక. 1984లో అమెరికా నేత్రవైద్యుడొకడు కనురెప్పల అంచున చెరగని కాటుకరేఖ దిద్దు పద్ధతిని వైద్యపత్రికలో ప్రకటించెను. అటుపిమ్మట కనుబొమలకు ఇది విస్తరించినది. ఇప్పుడు రెండు పద్ధతులు ముఖ్యముగా ప్రచారములో ఉన్నవి. సన్నని సూదులను వరుసగా పొదిగిన చిన్న చేతిపనిముట్టుతో వెండ్రుకవలె ఒక్కొక్క గీతను కోసి అందు రంగు నింపుట మైక్రోబ్లేడింగ్. యంత్రపు సూదితో చుక్కలు చుక్కలుగా రంగు పొడిచి నీడవలె దిద్దుట రెండవది. "ఇది పచ్చబొట్టు కాదు, కేవలము పైపై పూత" యని చెప్పు దుకాణదారులు కలరు. ఆ మాట నిజము కాదు. చర్మమును చీల్చి రంగు నింపిన ప్రతి పనియు పచ్చబొట్టే.

చర్మము రెండు ముఖ్యమైన పొరలుగా ఉండునని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలియును. పైది బాహ్యచర్మము, క్రిందిది అంతశ్చర్మము. బాహ్యచర్మము నిత్యము రాలిపోవుచు, ఇంచుమించు నెలరోజులలో పూర్తిగా క్రొత్తదగును. కావున రంగు అక్కడనే నిలిచినచో నెల తిరుగకమునుపే పొట్టుతోపాటు రాలిపోవును. రంగు నిలువవలెనన్న అంతశ్చర్మపు పైభాగమునకైనను చేరవలెను. అచ్చట శరీరపు కావలివారైన భక్షకకణములు ఆ రంగుకణములను శత్రువులని తలచి మ్రింగును. మ్రింగినను జీర్ణించుకొనలేవు. 2018లో ఫ్రాన్సులోని మార్సే పరిశోధకులు ఎలుకలపై పరిశీలించి ఒక విశేషమును వెల్లడించిరి: రంగును మ్రింగిన కణము చనిపోయినప్పుడు ఆ రంగు బయటపడును, వెంటనే ప్రక్కకు వచ్చిన క్రొత్త కణము దానిని మరల మ్రింగును. ఒక కావలివాడు పోవుచు రెండవవాని చేతికి మూట అప్పగించినట్లు ఈ పని సాగుచునే ఉండును. పచ్చబొట్టు నిలుచుట అనగా దేహము ఆ పరాయి వస్తువుతో ఎడతెగక పోరాడుచుండుటయే. ఆ పోరాటములో కొన్ని రేణువులు రసికనాళముల వెంట పోయి రసికగ్రంథులలో చేరుననియు 2017లో ఐరోపా పరిశోధకులు చూపిరి.

ఇక "శాశ్వతము" అను మాటను పరీక్షింపవలెను. ఈ మాట రెండు వైపుల మోసము చేయును. డబ్బు చెల్లించువాని పక్షమున చూచినచో అది శాశ్వతము కాదు. చేతిపనిముట్టుతో గీసిన గీతలు సాధారణముగా ఒకటి మొదలు మూడు సంవత్సరములలో వెలిసిపోవును. జిడ్డు చర్మము గలవారికి, ఎండలో తిరుగువారికి మరింత త్వరగా అలుకుకొనును. మొదటిసారి చేసిన కొన్ని వారములకే రెండవ దిద్దుబాటు అవసరమగును. ఆపైన ఏడాదికో రెండేండ్లకో మరల మరల దిద్దించుకొనవలెను. పశ్చాత్తాపపడువాని పక్షమున చూచినచో అది మిక్కిలి శాశ్వతము. వెలిసినది పూర్తిగా పోదు. మసకగా, ఒక మరకవలె ఏండ్లు నిలుచును. ఉండుమన్నప్పుడు ఉండదు, పొమ్మన్నప్పుడు పోదు. అద్దెయింటి వానికి ఇట్టి గుణమున్నచో ఏ యజమానియు ఇల్లు ఇవ్వడు. ముఖమును మాత్రము చాలమంది ఇచ్చుచున్నారు.

వెలిసిపోవు తీరును గమనింపదగినదే. గోధుమవన్నె రంగు ఒక్క పదార్థము కాదు. నలుపు, ఎరుపు, పసుపు కలిసిన మిశ్రమము. చాలవరకు ఇనుప ఆక్సైడులు, బొగ్గుమసి, తెలుపునకు టైటానియము డయాక్సైడు అందు ఉండును. ఇవి అన్నియు ఒకే వేగమున తగ్గవు. మిగిలిన రంగులు మునుముందు తగ్గి ఎరుపు మిగిలినచో కనుబొమలు ఇటుకవన్నె కెక్కును. మసి మిగిలి లోతున ఉన్నచో బూడిదనీలము దేలును. ముసలమ్మ ముంజేతిపై మసిని పచ్చగా చూపిన ప్రకృతి, పట్టణపు పిల్ల నుదుటిపై పక్షపాతము వహించి వేరు నియమము పాటించదు. ముంజేతిపై నీలిపచ్చ అందమే. కనుబొమపై అది అందమగునా యనునది దిద్దించుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న.

నచ్చకున్న లేజరుతో తీసివేయవచ్చునని కొందరు ధైర్యము చెప్పుదురు. తీయవచ్చును, కాని అది రబ్బరుతో పెన్సిలుగీత చెరుపుట కాదు. పలుమారులు పోవలెను, నొప్పి ఓర్చుకొనవలెను, దిద్దించుకొన్నదానికంటె ఎక్కువ సొమ్ము వ్యయింపవలసి రావచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన చిక్కు మరియొకటి కలదు. ఇనుప ఆక్సైడు, టైటానియము డయాక్సైడు గల రంగులపై లేజరు కాంతి పడినప్పుడు అవి తేలికపడుటకు మారుగా ఒక్కసారిగా నల్లబడవచ్చును. కనుబొమల రంగులలో ఉండునవి సరిగా ఆ పదార్థములే. తీయబోయిన గోధుమవన్నె గీత కాటుకవలె నల్లనై నిలిచినచో, దానిని తొలగించుట మొదటికంటె కష్టమగును. ముదురువన్నె చర్మము గల ఈ దేశపువారికి లేజరు తగిలినచోట మచ్చలు పడు భయమును అధికము.

రంగు సంగతి అటుండగా, తీరు సంగతి వేరు. కనుబొమల తీరు దశాబ్దములతో మారుచున్నది. 1930 ప్రాంతములో హాలీవుడ్ తారలు కనుబొమలను పెరికివేసి దారమంత గీతను మాత్రము ఉంచుకొనిరి. 1950 ప్రాంతమున దట్టమైనవి మెప్పు పొందినవి. 1990లలో మరల సన్ననివి, 2010 తరువాత మరల దట్టమైనవి వచ్చినవి. పెరికిన వెండ్రుక చాలవరకు మరల మొలచును. చీర మారును, జడ మారును. చర్మములో పొదిగిన గీత మాత్రము ఆనాటి మోజును ఈనాటి ముఖముపై మోయుచుండును. ఇరువదేండ్లనాటి ముఖమునకు గీచిన విల్లు నలుబదేండ్లనాటి ముఖమునకు తగవలెనన్న నియమము లేదు. వయస్సుతో నుదురు జారును, కనుబొమ వెండ్రుకలు దిగును. 

ఇవి అందమునకు సంబంధించిన చిక్కులు. ఆరోగ్యమునకు సంబంధించినవి ఇంతకంటె బరువైనవి. చర్మమును చీల్చు సూది ఒకరి రక్తమును తాకి, సరిగా శుద్ధి కాక, రెండవవారిని తాకినచో హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. వంటివి ప్రాకుటకు దారి ఏర్పడును. సూది క్రొత్తదైనంత మాత్రమున భయము తీరదు. అమెరికాలోని రాచెస్టరు నగరమున 2011 చివర ఒకే పనివానియొద్ద పచ్చబొట్లు వేయించుకొన్నవారిలో 19 మందికి చర్మము దద్దురులెక్కినది. విచారింపగా, క్షయజీవికి దూరపు చుట్టమగు ఒక సూక్ష్మజీవి కారణమని తేలినది. అది పనివాని చేతినుండి రాలేదు. మూత తీయని రంగుసీసాలోనే దొరకినది. తయారీలోనే బట్టిపట్టిన నీటితో రంగును పలుచన చేసిరి. బట్టిపట్టిన నీరు శుద్ధజలమే యైనను క్రిమిరహితజలము కానవసరము లేదు. శుభ్రతకును క్రిమిరాహిత్యమునకును గల ఈ భేదమును ప్రతి విజ్ఞానోపాధ్యాయుడు పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణతో నాటునట్లు చెప్పవచ్చును.

రంగుల తీరు చూడుడు. అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ ఏ రంగుపదార్థమును చర్మములోనికి ఎక్కించుటకు ఆమోదింపలేదు. 2003, 2004 సంవత్సరములలో ఒక రకపు శాశ్వతాలంకార రంగులవలన వాపు, చీలికలు, గడ్డలు కలిగినవని ఆ సంస్థకు 150కి పైగా ఫిర్యాదులు చేరినవి. ఐరోపా సమాఖ్య 2022 జనవరినుండి పచ్చబొట్టు రంగులలోను, శాశ్వతాలంకార రంగులలోను నాలుగు వేలకు పైగా రసాయనములకు హద్దులు విధించినది. అంతవరకు అవి ఆయా దేశములవారి చర్మములలో కలుగజేసినది కలుగజేయుచునే ఉన్నవి. రంగు పడనివారికి దురద, గడ్డలు వెంటనే రావలెనని లేదు. నెలలకు, ఒక్కొక్కప్పుడు ఏండ్లకు కూడ రావచ్చును. అందుచేత చెవి వెనుక చుక్క రంగు పెట్టి రెండు దినములు చూచుట మంచి పద్ధతియే గాని అదియే పూర్తి హామీ కాదు.

చట్టము ప్రమాదమునకు ముందు నడచుట అరుదు. తరచు అది దాని వెనుక నడచును. కనుబొమల చరిత్రలోనే దీనికి సాక్ష్యము కలదు. 1933లో అమెరికాలో "లాష్ లూర్" అను పేరుతో కనురెప్పలకు, కనుబొమలకు వేయు రంగు అమ్ముడుపోయినది. అందులోని రసాయనమువలన కొందరు స్త్రీల కన్నులు పుండ్లై చూపు పోయినది. ఒక ప్రాణమును పోయినది. నాటి చట్టమునకు అలంకారద్రవ్యములపై అధికారమే లేకుండుటచే ప్రభుత్వము చేతులు కట్టుకొని చూడవలసి వచ్చెను. 1938లో క్రొత్త చట్టము వచ్చిన తరువాతనే ఆ సరుకును స్వాధీనము చేసికొనగలిగిరి. ఆ ఐదేండ్ల మధ్య కోల్పోయిన చూపును ఏ చట్టమును తిరిగి ఈయలేదు. ఆ రసాయనపు కుటుంబమే నేటికిని కొన్ని తలరంగులలోను, పెండ్లిండ్లలో చేతులకు పెట్టు "నల్లగోరింట"లోను కనిపించును. ఆకు నూరిన గోరింట ఎప్పుడును నల్లగా పండదని ఆడపిల్లలకు అమ్మమ్మలు చెప్పనక్కర లేకయే తెలిసిన కాలమొకటి ఉండెడిది.

కొందరు ఈ పనిని వాయిదా వేయవలెను, కొందరు పూర్తిగా మానవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఆగుట మంచిది. గాయము మానినచోట గడ్డవలె మచ్చ పెరుగు కీలాయిడు స్వభావము గలవారు, మధుమేహము అదుపులో లేనివారు, రక్తము పలుచబరచు మందులు వాడువారు వైద్యుని అడుగక పోరాదు. బొల్లి, సోరియాసిస్ గలవారికి సూది గాయమైన చోటనే ఆ వ్యాధి క్రొత్తగా మొలచుట కద్దు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడు యువతీయువకులకు గాయము మానుట ఆలస్యము కావచ్చును. నొప్పి తెలియకుండ పూయు మత్తులేపనమును ఎక్కువ మోతాదులో, ఎక్కువసేపు, పైన కప్పి ఉంచినచో గుండె కొట్టుకొనుటలో తేడా, మూర్ఛ కలుగవచ్చునని 2024లో అమెరికా సంస్థ హెచ్చరించినది. పచ్చబొట్టు పొడిపించుకొన్నవారి రక్తమును ఈ దేశపు నియమముల ప్రకారము ఒక సంవత్సరమువరకు దానముగా స్వీకరింపరు. ఎమ్మారై పరీక్షకు పోవునప్పుడు కనుబొమలలో రంగు ఉన్నదని చెప్పవలెను. అరుదుగా అచ్చట మంట, వాపు కలుగుట కద్దు.

వీటన్నిటికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఆ కనుబొమ ఎందుచేత పలుచబడినది? కనుబొమ వెలుపలి కొన రాలుట థైరాయిడు గ్రంథి మందగించినప్పుడు వైద్యులు గమనించు గుర్తులలో ఒకటి. నాణెములవలె మచ్చలు మచ్చలుగా వెండ్రుకలు రాలుట మరియొక వ్యాధి. కుష్ఠువ్యాధి ముదిరిన రూపమునకు కనుబొమలు రాలుట ప్రసిద్ధమైన చిహ్నము. 2005 చివర దేశస్థాయిలో కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించితిమని ప్రభుత్వము ప్రకటించినను, ఏటేట క్రొత్త రోగులు బయటపడుచునే ఉన్నారు. దానికి మందు ఉచితముగా దొరకును, వ్యాధి పూర్తిగా నయమగును. కాని ఆలస్యమైనచో చేతులు, కాళ్ళు చెడును. రాలిన కనుబొమ శరీరము వ్రాసిన ఉత్తరము వంటిది. చదువకుండ దానిపై రంగు పూయుట ఉత్తరమును అతికించి మూసివేయుటయే. అలంకారశాలకు పోవుటకు ముందు ఒక్కసారి చర్మవైద్యునికి చూపుట ఖర్చు కాదు, పొదుపు.

ఈ చర్చలో న్యాయమునకు రెండవ పక్షమును కలదు. దానిని చెప్పక విడుచుట తగదు. కేన్సరు చికిత్సలో వెండ్రుకలు రాలినవారు, కాలిన గాయములచే నుదురు చెడినవారు అద్దము చూచుకొన్నప్పుడు పడు వేదన అలంకారకాంక్ష కాదు. 1940ల చివరినుండి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠు నయమైనవారి వ్రేళ్ళను శస్త్రచికిత్సతో సరిదిద్దుటయే గాక, తలపై వెండ్రుకలు గల చర్మపుముక్కను తెచ్చి వారికి కనుబొమలుగా అమర్చిరి. ఏలయనగా రోగము పోయినను, కనుబొమలు లేని ముఖమును చూచి ఊరు వారిని దగ్గరకు రానీయలేదు, పని ఈయలేదు. తలవెండ్రుకలు గనుక ఆ కనుబొమలు పెరుగుచునే ఉండెడివి, కత్తిరించుకొనవలసి వచ్చెడిది. ఆ కత్తిరింపు పని వారికి బాధ కాలేదు. అట్టివారు నేడు వైద్యుని సలహాతో రంగు గీతను కోరినచో వారిని తప్పుపట్టువాడు తన ముఖముననున్న కనుబొమల విలువ ఎరుగనివాడు.

"మా అమ్మమ్మలు పచ్చబొట్లు పొడిపించుకొనలేదా, వారికేమైనది?" అని కొందరు అడుగుదురు. వారికేమైనదో ఎవరును వ్రాసి ఉంచలేదు. పుండుపడి బాధపడినవారి లెక్క ఎవరియొద్దను లేదు. పైగా ఆ ముసలమ్మలలో పలువురు పచ్చబొట్టు కోరి పొడిపించుకొన్నవారు కారు. ఏడెనిమిదేండ్ల ప్రాయమున పెద్దలు చేయి గట్టిగా పట్టుకొనగా, ఏడ్చుచు పొడిపించుకొన్నవారు. వారి గుర్తు వారికి ప్రియమైనదైనను, వారి సమ్మతితో వచ్చినది కాదు. తరము మారినను ఈ ఒక్క చిక్కు మారలేదు. నాడు పట్టుకొన్న చేయి పెద్దలది. నేడు పట్టుకొను చేయి తోటివారి మాట, చిత్రములలోని ముఖము, తగ్గింపుధర ప్రకటన. కనబడని చేయి గనుక విడిపించుకొనుట మరింత కష్టము.

అందుచేత వయస్సు ముఖ్యము. పదునెనిమిదేండ్లు నిండనివారికి ఈ పని చేయుట తగదు, నిండినవారైనను తొందరపడరాదు. కోరుకొన్న తీరున పెన్సిలుతో కనుబొమ దిద్దుకొని నెలరోజులపాటు అదే తీరున తిరుగుట చవుకైన పరీక్ష. నెల కాకమునుపే విసుగు పుట్టినచో ఏండ్లపాటు మోయవలసినదాని భారము తెలిసినట్లే. నెల దాటినను మక్కువ తగ్గనివారు అప్పుడు ప్రశ్నలు అడుగుటకు సిద్ధము కావలెను.

ఆ ప్రశ్నలు కష్టమైనవి కావు. సూది కట్టు తన కన్నులయెదుట విప్పి, పని తీరగానే పారవేయుదురా? చేతితొడుగులు ప్రతి మనిషికి మార్చుదురా? రంగు పెద్దసీసానుండి చిన్నగిన్నెలోనికి తీసి, మిగిలినది పారవేయుదురా, లేక మరల సీసాలో పోయుదురా? సీసాపై తయారీదారు పేరు, అందలి పదార్థములు, గడువు తేదీ, సరుకుసంఖ్య ఉన్నవా? వానిని వ్రాసికొనుటకు అభ్యంతరము చెప్పుదురా? పని చేయువారు ఎచ్చట, ఎన్ని మాసములు నేర్చిరి? పనిముట్లను ఆవిరియంత్రములో శుద్ధి చేయుదురా? పని ముగిసిన గంటకు తీసిన ఛాయాచిత్రములు ఎల్లరును చూపుదురు. ఏడాది తరువాత తీసినవి చూపగలరా? ఈ ప్రశ్నలకు చిరాకు పడువారియొద్దనుండి లేచి వచ్చుటకు సిగ్గుపడనక్కర లేదు. నాలుగు వంకాయలు కొనుటకు తిరగవేసి చూచు జనము ముఖమును అప్పగించునప్పుడు మొగమాటపడుట విచిత్రము.

చేయించుకొన్న తరువాతను ఓర్పు కావలెను. మొదటి దినములలో రంగు అనుకొన్నదానికంటె మిక్కిలి ముదురుగా తోచును. పొట్టు కట్టి రాలును. అసలు వన్నె తేలుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆ పొట్టును గిల్లినచో రంగు చెడుటయే గాక మచ్చ పడును. ఎండ, చెమట, ఈత, ముఖలేపనములు కొంతకాలము మానవలెను. ఎరుపు తగ్గుటకు మారుగా పెరిగినను, చీము పట్టినను, జ్వరము వచ్చినను పోవలసినది దుకాణమునకు కాదు, వైద్యునియొద్దకు.

ఇందు బడికి పని ఏమున్నదని అడుగువారుందురు. చర్మపు పొరలు, సూక్ష్మజీవులు, కాంతి చెదరుట, లోహపు ఆక్సైడులు ఇవన్నియు పాఠ్యపుస్తకములలోనివే. పరీక్షకు చదివి మరచు ఈ పాఠములు, విద్యార్థిని తన కనుబొమను గూర్చి ఆలోచించునప్పుడు అక్కరకు రానిచో, ఆ చదువు పుస్తకమున పుట్టి పుస్తకముననే అణగినట్లగును. "చేయించుకొనకుము" అని శాసించు ఉపాధ్యాయునికంటె "ఆ సీసాలో ఏమున్నదో తెలిసికొంటివా?" అని అడుగు ఉపాధ్యాయుడు పిల్లకు ఎక్కువ మేలు చేసినవాడగును. మొదటి మాటకు పిల్ల చాటుగా ఎదురుతిరుగును. రెండవ మాట ఆమె వెంట దుకాణమువరకు నడచిపోవును.

తెలుగింటి ముంగిట ప్రతి ఉదయము కళ్ళాపి చల్లి ముగ్గు వేయుదురు. మధ్యాహ్నమునకు అది త్రొక్కిడిలో చెరిగిపోవును. చెరిగినదని ఏ ఇల్లాలును చింతింపదు. మరునాడు మరియొక ముగ్గు వేయును, నిన్న తప్పిన చుక్కను నేడు సరిచేయును. రాతిపై శాసనము చెక్కించు రాజు మాత్రము ముందు వ్రాతపని చేయించి, పండితులకు చూపి, తప్పులు దిద్దించి, ఆపైననే ఉలి పెట్టించెను. రాతిపై తప్పు దొర్లినచో దిద్దుటకు వీలులేదని ఆయనకు తెలియును. పెన్సిలుతో దిద్దిన కనుబొమ ముగ్గువంటిది. సూదితో పొదిగిన కనుబొమ శాసనమువంటిది. ముగ్గు వేయు తొందరతో శాసనము చెక్కించరాదు. చెక్కించితీరవలసినవారు ఉలివాని చేయిని, రాతి గుణమును, వ్రాయబోవు అక్షరమును ముందుగా పరీక్షించుకొనవలెను.